ట్రైనర్ గాల్లో బాగానే ఉంటోంది, దింపేటప్పుడే ఎడమ రెక్క పడిపోతోంది. తేడా ఎక్కడ?

పల్నాడు పైలట్

అందరికీ నమస్కారం అండి. మాది నరసరావుపేట దగ్గర. హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో రిమోట్‌తో ఎగరేసే హై వింగ్ ఫోమ్ ట్రైనర్ (రెక్క బాడీ పైన ఉండే, కొత్తవాళ్ళు నేర్చుకునే మోడల్ విమానం) కొన్నాను. రెక్క 1400 మిల్లీమీటర్లు, నాలుగు చానెళ్ళు (మోటార్‌కి థ్రాటిల్, ముక్కు లేపి దించడానికి ఎలివేటర్, రెక్కలు వాల్చడానికి ఐలెరాన్, ముక్కు పక్కకి తిప్పడానికి రడ్డర్), 3ఎస్ అంటే మూడు సెల్‌ల 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, అన్నీ కలిపి బరువు 1.3 కేజీలు. టేకాఫ్‌కి ఇబ్బంది లేదు. గాల్లో చక్కర్లు, ఎనిమిది అంకె, లూప్ కూడా వస్తున్నాయి. దింపడం దగ్గరే ప్రాణం మీదకొస్తోంది.

జరిగేది రెండు రకాలు. ఒకటి, నేలకి మూడు నాలుగు అడుగుల ఎత్తులో అలా తేలుతూ తేలుతూ రోడ్డు చివరిదాకా వెళ్ళిపోతుంది, దిగదు. రెండోది, ఈసారి నెమ్మదిగా తెద్దామని ముందే థ్రాటిల్ తగ్గిస్తే రోడ్డు ఇంకా దూరంగా ఉండగానే ఎత్తు అయిపోతుంది. అందేలా లేదని కాస్త ఎలివేటర్ లాగి థ్రాటిల్ ఇస్తానా, ఎడమ రెక్క టక్కున పడిపోయి ముక్కు నేలకి కొట్టుకుంటుంది. ముందు చక్రం వంగిపోవడం, ప్రొపెల్లర్ విరగడం మామూలైపోయింది.

ఎగరేసేది ఊరి బయట అమ్ముడుపోని వెంచర్‌లో, వాచ్‌మన్‌కి చెప్పే. తూర్పు పడమరలుగా 40 అడుగుల గ్రావెల్ రోడ్డు ఉంది, దాన్నే రన్‌వే అనుకుంటున్నాను. రెండు పక్కలా ప్లాట్ల హద్దు రాళ్ళు, తూర్పు చివర కరెంటు తీగలు. సాయంత్రం గాలి ఎక్కువగా దక్షిణం నుంచి, అంటే రోడ్డుకి అడ్డంగా వస్తుంది. విచిత్రం ఏంటంటే సిమ్యులేటర్‌లో ఇదే రకం విమానాన్ని హాయిగా దింపేస్తాను. నేర్పడానికి దగ్గర్లో ఎవరూ లేరు. కొంచెం వివరంగా చెప్పండి.

కోటప్పకొండ

మన ఏరియానే! ఏ వెంచర్ సార్? ఆదివారం చూడ్డానికి వస్తా, విరిగిన ముక్కలు ఏరడానికి ఒక మనిషి ఉంటే మంచిదే కదా.

ఫోమ్ డాక్టర్

బ్రదర్, నువ్వు చెప్పిన రెండూ ఒకే జబ్బు. ఎత్తు తగ్గితే ఎలివేటర్ లాగుతున్నావు, వేగం కావాలంటే థ్రాటిల్ ఇస్తున్నావు. గాల్లో తిరిగేటప్పుడు అది నడిచిపోతుంది. దిగేటప్పుడు మాత్రం ఎలివేటర్‌ని వేగానికి, థ్రాటిల్‌ని ఎత్తుకి వాడాలి. ముక్కు ఎంత కిందికి ఉంటే అంత వేగం, మోటార్ ఎంత తిరిగితే అంత నెమ్మదిగా దిగడం. రోడ్డు అందదు అనిపిస్తే చెయ్యి ముందు థ్రాటిల్ మీదకి పోవాలి. ఒక్క క్లిక్, రెండు క్లిక్‌లు, అంతే. ఎలివేటర్ లాగితే ఆ క్షణానికి పైకి లేచినట్టే ఉంటుంది, కానీ ఆ లేచిన ఎత్తు వేగంలోంచి అప్పు తెచ్చుకున్నదే.

లెక్క చూడు. 1.3 కేజీల బరువు, ఆ సైజు రెక్క అంటే సుమారు గంటకి 30 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అవుతుంది, అంటే రెక్కకి లిఫ్ట్ (పైకెత్తే బలం) చాలక పడిపోతుంది. దిగేటప్పుడు 37, 38 ఉంటే సుఖం. ఇప్పుడు ఫైనల్‌కి, అంటే రన్‌వే వరసలోకి వచ్చే ఆఖరి దారికి, తిరిగేటప్పుడు రెక్కని 45 డిగ్రీలు వాల్చావనుకో, స్టాల్ వేగం 19 శాతం పెరిగి 35 దాటుతుంది. 60 డిగ్రీలు వాలిస్తే 42. అంటే నేరుగా వచ్చినప్పుడు భద్రంగా ఉన్న వేగమే మలుపులో ప్రమాదం. చాలామందికి విమానం పోయేది రన్‌వే మీద కాదు, ఈ ఆఖరి మలుపులో. రోడ్డు దాటిపోతున్నానని కంగారుగా గట్టిగా తిప్పి, పైగా ఎలివేటర్ కూడా లాగుతారు.

ఎడమ రెక్కే ఎందుకు పడుతుందంటే, నువ్వు చెప్పిన వరసలోనే సమాధానం ఉంది. వేగం ఎలాగూ పోయి ఉంది, అప్పుడు థ్రాటిల్ ఒక్కసారిగా గుద్దుతున్నావు. మామూలు ప్రాప్ వెనకనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది, దానికి ప్రతిగా విమానం ఎడమకి వాలాలని చూస్తుంది. వేగం ఉన్నప్పుడు ఆ తోపు నీకు తెలియను కూడా తెలియదు. స్టాల్ అంచున ఉన్నప్పుడు అదే చాలు రెక్క పడిపోవడానికి. వెంటనే నువ్వు కుడి ఐలెరాన్ కొడతావు, చెయ్యి దానంతటదే పోతుంది. కుడి ఐలెరాన్ కొడితే ఎడమ రెక్క మీది ఐలెరాన్ కిందికి దిగుతుంది, ఆ రెక్క గాలికి ఇంకా నిక్కి నిలబడుతుంది, ఉన్న కాస్త లిఫ్ట్ కూడా పోతుంది. ఆ టైంలో చేయాల్సింది ఎలివేటర్ వదలడం, కుడి రడ్డర్, థ్రాటిల్ మెల్లగా పెంచడం. ఇవన్నీ రెండు అడుగుల ఎత్తులో కుదరవు కాబట్టి అసలు అక్కడిదాకా రానివ్వకూడదు.

అందుకే రేపు వెళ్ళినప్పుడు దింపే సంగతి పక్కన పెట్టు. రెండు తాటిచెట్ల ఎత్తుకి ఎక్కు, గాలికి ఎదురుగా తిప్పు, థ్రాటిల్ పూర్తిగా మూసి ఎలివేటర్‌ని కొంచెం కొంచెం లాగుతూ ఏం చేస్తుందో చూడు. ముక్కు నేరుగా పడుతుందా, ఒక పక్కకి వాలుతుందా, పడే ముందు ఏమైనా సూచన ఇస్తుందా. మంచి ట్రైనర్ అయితే స్టాల్‌కి ముందు ఐలెరాన్ కొడితే మొద్దుగా, ఆలస్యంగా పలుకుతుంది. ఆ మొద్దుతనం నీ వేళ్ళకి తెలియాలి. తర్వాత అదే ఎత్తులో థ్రాటిల్ మూడో వంతు పెట్టి, ముక్కు కాస్త కిందికి ఉండేలా పట్టుకుని, ఏ స్టిక్ దగ్గర సాఫీగా మెట్లు దిగినట్టు దిగుతుందో గుర్తుపెట్టుకో. నీ ల్యాండింగ్ థ్రాటిల్ అదే.

అది కుదిరాక లో పాస్‌లు, అంటే దింపకుండా తక్కువ ఎత్తులో రన్‌వే మీదుగా పోవడం. డౌన్‌విండ్‌లో, అంటే గాలి వాలున, రన్‌వేకి సమాంతరంగా వెళ్ళు, నీకు ఎదురుగా వచ్చేసరికి థ్రాటిల్ తగ్గించు, కాస్త ముందుకి పోయాక రన్‌వే వైపు అడ్డంగా తిరిగే బేస్, మళ్ళీ ఫైనల్. రెండు మలుపులూ తీరిగ్గా. ఫైనల్లో నేలకి ఛాతీ ఎత్తులో రన్‌వే పొడుగునా అదే ఎత్తు పట్టుకుని వెళ్ళిపో, చివర్లో థ్రాటిల్ పెంచి లేచిపో. దింపకు. బుద్ధి పుట్టినా దింపకు. ఇది బోరు కొట్టేంత చేశాక నడుము ఎత్తు, తర్వాత మోకాలి ఎత్తు. మోకాలి ఎత్తులో రన్‌వే పొడుగునా నిలకడగా వెళ్ళగలిగితే థ్రాటిల్ మూసెయ్యడమే మిగిలింది. మూశాక అది దిగుతానంటుంది, నువ్వు ఇప్పుడే వద్దు అన్నట్టు ఎలివేటర్‌ని వెంట్రుకవాసి చొప్పున లాగుతూ ఉండు. పైకి లేపేంత లాగితే ఎక్కువైనట్టు, మళ్ళీ ఎత్తు నుంచి పడుతుంది. వెనక చక్రాలు రెండూ ముందు తగలాలి, ముందు చక్రం ఆఖర్న వాలాలి.

ఒకవేళ ముందు చక్రం తగిలి ఎగిరిందంటే స్టిక్ ముందుకి తోసి దింపాలని చూడకు. రెండో ఎగురు మొదటిదానికన్నా ఎత్తు, మూడోది దానికన్నా ఎత్తు, అక్కడే ముందు కాలు పోతుంది. థ్రాటిల్ ఇచ్చి లేచిపోయి మళ్ళీ రా.

తేలుతూ పోవడం సంగతి ఒక్క ముక్కలో: ఫైనల్‌కి ఎత్తుగా, వేగంగా వస్తున్నావు. ఫ్లేర్ (తగలబోయే ముందు ముక్కు కాస్త లేపడం) దగ్గర చేయగలిగింది ఏమీ లేదు, డౌన్‌విండ్‌లోనే తగ్గించాలి.

ఎయిర్‌వింగ్ పాతకాపు

డాక్టర్ గారు చేతివాటం గురించి చెప్పారు, బాగుంది. కానీ ఎప్పుడూ ఒకే రెక్క పడుతుందంటే నేను ముందు విమానాన్ని అనుమానిస్తాను. నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకున్నవాణ్ణి, కంట్రోల్ లైన్ మోడల్స్ తీగలు పట్టుకుని గుండ్రంగా తిప్పే రోజుల నుంచి. అక్కడ మొదట నేర్పింది ఎగరేయడం కాదు, ఎగరేసే ముందు పట్టి పట్టి చూడటం.

బాబూ, సెకండ్ హ్యాండ్ ఫోమ్ అన్నావు. ఆ రెక్కని బల్ల మీద పెట్టి వెనకనుంచి ఒక కన్ను మూసి చూడు. మధ్యలో, చివర్లో వెనక అంచులు రెండూ ఒకే వరసలో ఉన్నాయా? మన ఎండల్లో కారు డిక్కీలో రెక్కలు వదిలేస్తే ఫోమ్ మెలితిరిగిపోతుంది, కంటికి ఆనదు. ఎడమ రెక్క చివర వెనక అంచు కాస్త కిందికి వంగి ఉంటే ఆ చివర అన్నిటికన్నా ముందు స్టాల్ అవుతుంది. అదృష్టం బాగుంటే హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా వేడి చేసి వ్యతిరేక దిశలో మెలితిప్పి చల్లారేదాకా పట్టుకుంటే సరిపోతుంది. డ్రయ్యర్ మరీ దగ్గర పెడితే ఫోమ్ పొంగుతుంది, చూసుకో.

తర్వాత అడ్డంగా బరువు. ఒకరు స్పిన్నర్ (ప్రాప్ మధ్యలో టోపీ) దగ్గర, ఇంకొకరు తోక దగ్గర వేలితో పట్టుకుని ఎత్తండి. ఏ రెక్క కిందికి వాలుతుందో చూసి, రెండో రెక్క చివర టేప్‌తో రూపాయి బిళ్ళ అంటించండి, సమం అయ్యేదాకా. గ్లూ గన్‌తో అతుకులు వేసిన రెక్క తప్పకుండా బరువెక్కి ఉంటుంది.

సీజీ (విమానం బరువు ముందూ వెనకా సమం అయ్యే చోటు) సంగతి చెప్పనక్కర్లేదు అనుకుంటా కానీ చెప్తా. రెక్క ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో 25 నుంచి 30 శాతం మధ్యలో, బ్యాటరీ పెట్టాక. మాన్యువల్‌లో అంకె ఉంటే అదే. రెండు వేళ్ళ మీద నిలబెడితే ముక్కు కొంచెం కిందికి వాలినా పర్లేదు, తోక వాలితే ఎగరేయొద్దు. తోక బరువున్న విమానం నెమ్మదించినకొద్దీ పిచ్చిది అవుతుంది. అలాగని ముక్కులో సీసం నింపకు, అప్పుడు ఫ్లేర్ దగ్గర ఎలివేటర్ మొత్తం లాగినా ముక్కు లేవదు, ముందు చక్రమే ముందు తగులుతుంది. నీ ముందు కాలు అన్నిసార్లు వంగడం చూస్తే నాకు ఆ అనుమానం కూడా ఉంది.

ఇంకో చిన్న విషయం. విమానాన్ని నేల మీద నిలబెట్టి పక్కనుంచి చూడు. ముందు కాలు పొడుగై ముక్కు పైకి చూస్తూ ఉంటే దిగిన తర్వాత కూడా రెక్క లిఫ్ట్ ఇస్తూనే ఉంటుంది, చిన్న గతుకు తగిలితే మళ్ళీ గాల్లోకి లేస్తుంది. నేల మీద రెక్క దాదాపు సమంగా ఉండాలి. ఎలివేటర్‌కి 30 శాతం ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు స్పందనని మెత్తబరిచే సెట్టింగ్) పెట్టుకో. ఫ్యుటాబా రిమోట్‌లో మైనస్ పెడితే మెత్తబడుతుంది, స్పెక్ట్రమ్‌లో ప్లస్ పెడితే. తారుమారైతే ఇంకా చురుకైపోతుంది కాబట్టి నేల మీదే చూసుకుని ఎగరెయ్యి.

చేతి గ్లైడర్

నాదొక వేరే మాట. ఈ థ్రాటిల్ క్లిక్కుల గోల ఎందుకు? చక్రాలు పీకెయ్యండి, ఫైనల్‌కి తిరగ్గానే మోటార్ పూర్తిగా ఆపెయ్యండి, గ్లైడర్‌లా తెచ్చి పొట్ట మీద దింపండి. కోత అయిన పొలంలో, గడ్డిలో సూపర్‌గా దిగుతుంది. మోటార్ ఆగి ఉంటే ప్రాప్ కూడా బతుకుతుంది. ప్రాప్‌ని రబ్బరు బ్యాండుతో పట్టి ఉంచే ప్రాప్ సేవర్ పెట్టుకుంటే ఇంకా మంచిది. నేను చక్రం ఉన్న విమానం కొనడమే మానేశా. ఆ గ్రావెల్ రోడ్డు మీద ఆ చిన్న చక్రాలతో ఎవరు దింపినా అంతే.

ఫోమ్ డాక్టర్

గ్లైడర్ అన్నా, నీ విమానాలకి అది కరెక్ట్. సన్నటి బాడీ, పొడుగు రెక్క, మడత ప్రాప్. ఇతనిది లావు బాడీ, మూడు కాళ్ళు, పెద్ద ప్రాప్. మోటార్ మూస్తే రాయిలా కాకపోయినా బాగా ఏటవాలుగా దిగుతుంది, లెక్క ఐదు మీటర్లు తప్పితే సరిచేసుకునే ఉపాయం ఉండదు. మోటార్ కొద్దిగా తిరుగుతూ ఉంటే తోక మీద గాలి పారుతుంది, ఎలివేటర్, రడ్డర్ బాగా పలుకుతాయి కూడా.

కానీ మోటార్ లేకుండా దింపడం వేరేగా నేర్చుకోవాల్సిందే, దానితో ఒప్పుకుంటా. చార్జి తగ్గి బ్యాటరీ కటాఫ్ కొట్టి మోటార్ ఆగిన రోజు అదొక్కటే దారి. ఎత్తు మీద మొదలుపెట్టి, రన్‌వే దగ్గరే గుండ్రంగా తిరుగుతూ దిగాలి, దూరం పోకూడదు. గ్రావెల్ మీద పొట్ట ల్యాండింగ్ మాత్రం వద్దు, ఫోమ్ గీరుకుపోతుంది, సర్వో (ఐలెరాన్, ఎలివేటర్ లాంటివి కదిపే చిన్న మోటార్) ఆర్మ్ కింద ఉంటే అదీ పోతుంది.

పల్నాడు పైలట్

చాలా థాంక్స్ అండి అందరికీ. ఇవాళ పొద్దున్నే గాలి లేనప్పుడు వెళ్ళి డాక్టర్ గారు చెప్పిన పరీక్ష చేశాను. థ్రాటిల్ మూసి మెల్లగా లాగితే రెక్కలు సమంగానే ఉండి ముక్కు నేరుగా పడుతోంది, ఎటూ వాలడం లేదు. అదే స్టాల్ దగ్గర ఒక్కసారిగా థ్రాటిల్ ఇస్తే మాత్రం ఎడమకి తిరగబడుతోంది. రెక్క మెలితిరగలేదు, చూశాను. అడ్డంగా బరువు కొంచెం తేడా ఉంది, కుడి రెక్కకి బిళ్ళ అంటించాను. సీజీ మాన్యువల్‌లో చెప్పినదానికన్నా వేలెడు ముందు ఉంది. పాత ఓనర్ ముక్కులో దాదాపు 40 గ్రాముల సీసం పెట్టి ఉంచాడు, తీసేశాను. ముక్కు ఇప్పుడు కొంచెం తేలిగ్గా లేస్తోంది.

ఇంకా మూడు డౌట్లు. గాలి అడ్డంగా ఉన్నప్పుడు ఏం చేయాలి? విమానం నా వైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తికమక అవుతున్నాయి, ఫైనల్లో చిన్న సవరణలు ఉల్టా కొడుతున్నాను. మూడోది, షాపు వాళ్ళు గైరో ఉన్న రిసీవర్ పెట్టుకోమంటున్నారు, అదే దింపేస్తుందంట, నిజమేనా?

డల్లాస్ వీకెండ్

నేను ఇక్కడ టెక్సాస్‌లో క్లబ్ ఫీల్డ్‌లో నేర్చుకున్నాను, బడ్డీ బాక్స్ మీద. గురువు గారి ట్రాన్స్‌మిటర్, మన ట్రాన్స్‌మిటర్ కలిపి ఉంటాయి, తేడా వస్తే ఆయన స్విచ్ వదిలితే కంట్రోల్ ఆయనకి పోతుంది. మీకు అది లేదు కాబట్టి ఎక్కడ నిలబడాలన్నది ఇంకా ముఖ్యం. రన్‌వే చివర నిలబడి విమానాన్ని మీ ముఖం మీదకి రప్పించుకోకండి. రన్‌వే మధ్యకి ఎదురుగా, అంచు నుంచి కొన్ని అడుగులు వెనక నిలబడితే విమానం పక్కనుంచి కనబడుతుంది, ఎత్తు, వేగం రెండూ తెలుస్తాయి. ఎదురుగా వచ్చే విమానం వేగం తగ్గిందో లేదో కన్ను చెప్పలేదు.

కుడి ఎడమల తికమకకి పాత చిట్కానే: ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే స్టిక్ పెట్టండి, ఆ రెక్కని కిందనుంచి స్టిక్‌తో ఎత్తుతున్నట్టు. మెదడుతో తిప్పి లెక్కేసుకునే పని ఉండదు. ఇది విమానం మీ వైపు వస్తున్నప్పుడు మాత్రమే. ఒంటిని కాస్త విమానం పోతున్న వైపు తిప్పి భుజం మీదుగా చూస్తే కూడా కొందరికి పని చేస్తుంది.

అడ్డ గాలి సంగతి. మీ వెంచర్ మ్యాప్ ఊహించుకుంటే 40 అడుగుల రోడ్డుకి అడ్డంగా 30 అడుగుల రోడ్లు ఉంటాయి కదా, ఉత్తర దక్షిణాలుగా? దాని మీద దింపండి! పొడుగు తక్కువని భయపడకండి. మీరు 37 వేగంతో వస్తూ ఎదురుగా గాలి 12 ఉంటే నేల మీద మీ వేగం 25 మాత్రమే, ఆగడానికి చాలా తక్కువ దూరం చాలు. అదే గాలి వెనకనుంచి ఉంటే 49. అందుకే డౌన్‌విండ్‌లో విమానం దూసుకుపోతున్నట్టు కనబడుతుంది, అమ్మో వేగం ఎక్కువైందని థ్రాటిల్ తగ్గిస్తాం, గాలితో పోలిస్తే దాని వేగం మామూలే, తగ్గించిన వేగంతో మలుపు తిప్పితే స్టాల్. ఇది చాలామందిని ముంచుతుంది.

దక్షిణం వైపు ప్రహరీ గోడ ఉందా? ఉంటే దానికి దగ్గరగా దింపకండి. గోడ వెనక గాలి సుడులు తిరుగుతుంది, గోడ ఎత్తుకి పది రెట్ల దూరం దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. గోడ లేకపోయినా నేలకి దగ్గరయ్యేకొద్దీ గాలి వేగం తగ్గుతుంది, పైన 15 ఉన్నది మోకాలి ఎత్తులో 7, 8 ఉండొచ్చు. దిగుతూ దిగుతూ ఎదురుగాలి సగం పోతే విమానానికి ఆ మేరకు వేగం ఒక్కసారిగా పోయినట్టే. గాలి రోజుల్లో ఫైనల్లో ఒకటి రెండు క్లిక్‌లు ఎక్కువ థ్రాటిల్ పెట్టుకోమనేది అందుకే.

అడ్డ గాలిలోనే దింపక తప్పదంటే ముక్కుని కొంచెం గాలివైపు తిప్పి, ఏటవాలుగా నడుస్తున్నట్టు తీసుకురండి, తగలబోయే ముందు రడ్డర్‌తో నేరుగా చేసి, గాలి వైపు రెక్క లేవకుండా కొద్దిగా ఐలెరాన్ పట్టుకోండి. రడ్డర్ వాడటం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి, ట్రైనర్ ఎగరేసేవాళ్ళలో చాలామంది ఎడమ బొటనవేలుని థ్రాటిల్‌కే అంకితం చేసేస్తారు.

ఎయిర్‌వింగ్ పాతకాపు

గైరో గురించి నేను చెప్తా, అమ్మేవాళ్ళు చెప్పరు. గైరో విమానం ఎటు వాలిందో చూస్తుంది, గాల్లో ఎంత వేగంగా పోతోందో దానికి తెలియదు. సెల్ఫ్ లెవెల్ మోడ్‌లో నువ్వు ఎలివేటర్ లాగి పట్టుకుంటే అది బుద్ధిగా ముక్కు పైకి పట్టుకుని స్టాల్ దాకా తీసుకుపోతుంది. అప్పుడు రెక్క పడితే దాన్ని ఎత్తడానికి ఐలెరాన్ కొడుతుంది, అంటే పైన డాక్టర్ గారు వద్దన్న పనే అది ఇంకా వేగంగా చేస్తుంది. గాలి కుదుపులు తగ్గించే మామూలు స్టెబిలైజ్ మోడ్ అయితే నాకు అభ్యంతరం లేదు, గాలి రోజున ఉపయోగమే. పెట్టుకుంటే నేల మీద విమానాన్ని చేత్తో కుడికి వాల్చి చూడు, కుడి ఐలెరాన్ కిందికి దిగాలి. ఉల్టా ఉంటే టేకాఫ్ అయిన రెండో సెకనుకే అయిపోతుంది కథ.

ఫోమ్ డాక్టర్

స్టాల్ నేరుగా పడుతోంది అంటే విమానం మంచిది, దాన్ని అనుమానించొద్దు ఇంక. నీ కుడి చెయ్యి, ఎడమ చెయ్యి పని పంచుకోవడం మీద పెట్టు. ఆ 40 గ్రాముల సీసం కూడా ముందు కాలి విషయంలో తన వంతు చేసింది, పాతకాపు గారి అనుమానం నిజమే.

సిమ్యులేటర్‌లో ఎందుకు వస్తోంది అన్నావు కదా. అక్కడ కెమెరా విమానాన్ని వెంబడిస్తూ ఉండొచ్చు, లేదా దూరం పోతే ఆటోమేటిక్‌గా జూమ్ అవుతూ ఉండొచ్చు. రెండూ ఆపెయ్. ఒకే చోట నిలబడి చూసే వ్యూ పెట్టు, గాలి 12, 15 కిలోమీటర్లు పెట్టు, దిశ అడ్డంగా పెట్టు, కుదుపులు ఆన్ చెయ్. పికాసిమ్ అనే సిమ్యులేటర్ ఉచితమే, ఇవన్నీ అందులో ఉంటాయి. ఆ తర్వాత కూడా హాయిగా దిగుతుంటే చెప్పు.

బ్యాటరీ విషయం ఎవరూ అనలేదు. దింపడం నేర్చుకునే రోజుల్లో మొదటి ల్యాండింగ్ ప్రయత్నం బ్యాటరీ సగం ఉండగానే మొదలుపెట్టాలి. టైమర్ మోగాక వచ్చి, అప్పుడు రెండుసార్లు తప్పితే మూడోసారి లేవడానికి దమ్ముండదు, ఆ టెన్షన్‌లో ఎలాగైనా దింపేయాలని దింపుతాం. దిగాక కాసేపు ఆగి కొలిస్తే సెల్‌కి 3.75, 3.8 వోల్టుల దగ్గర ఉండాలి. 3.5 కనబడితే టైమర్ తగ్గించు.

వేసవి ఇంకా నడుస్తోంది కాబట్టి ఒక మాట. 42 డిగ్రీల ఎండలో గాలి పల్చబడుతుంది. హైదరాబాద్ లాంటి చోట, అది సముద్రమట్టానికి 500 మీటర్లకి పైనే ఉంది, ఎండ కూడా కలిస్తే స్టాండర్డ్ లెక్కకన్నా స్టాల్ వేగం సుమారు 8 శాతం ఎక్కువుంటుంది. మీ పల్నాడు ఎత్తు తక్కువ కాబట్టి అంతుండదు. అసలు బెడద వేడి గాలి పైకి లేవడం. గ్రావెల్ రోడ్డు కాలి కాలి మధ్యాహ్నం మీద విమానాన్ని దిగనివ్వదు, పక్కన పచ్చటి చేను మీదికి పోగానే దభీమని కిందికి జారుతుంది. పొద్దున 6 నుంచి 8 లోపు ముగించుకో.

పల్నాడు పైలట్

అడ్డరోడ్డు 30 అడుగులదే ఉంది అండి, దాని దక్షిణం చివర గోడ లేదు, ఫెన్సింగ్ తీగ మాత్రమే. హద్దు రాళ్ళు ఆ వైపు ఇంకా పాతలేదు, పడేసి ఉంచారు, పక్కకి జరుపుతాం అని వాచ్‌మన్ అన్నాడు. పర్మిషన్ల గురించి కూడా ఒకరు భయపెట్టారు, డ్రోన్ రూల్స్ మనకీ వర్తిస్తాయని.

డల్లాస్ వీకెండ్

ఇక్కడైతే సరదాకి ఎగరేసినా ట్రస్ట్ అనే ఆన్‌లైన్ భద్రతా టెస్ట్ రాయాలి, 250 గ్రాములు దాటితే రిజిస్టర్ చేయాలి. ఇండియా సంగతి అక్కడివాళ్ళు చెప్పాలి.

ఎయిర్‌వింగ్ పాతకాపు

2021 డ్రోన్ రూల్స్‌లో 25 కేజీల లోపు, సరదాకో చదువుకో కంటికి కనబడే దూరంలో ఎగరేసే మోడల్స్‌ని వేరేగా చెప్పారు. అలాగని ఎక్కడ పడితే అక్కడ ఎగరేయడానికి లేదు. ప్రభుత్వం వాళ్ళ డిజిటల్ స్కై డ్రోన్ మ్యాప్‌లో మీ చోటు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకో, గ్రీన్ అయినా 400 అడుగులు దాటొద్దు. మీ వైపు ఇబ్బంది ఉండకపోవచ్చు. హైదరాబాద్ ఉత్తరం వైపు వాళ్ళకే తంటా, దుండిగల్, హకీంపేట, బేగంపేట విమాన స్థావరాలన్నీ అటే ఉన్నాయి.

కోటప్పకొండ

సార్ ఆ వంగిన ముందు కాలు ఏం చేశారు? సైకిల్ స్పోక్‌తో చేస్తే ఆగుతుందా, మా ఇంట్లో కట్ట ఉంది.

ఫోమ్ డాక్టర్

స్పోక్ 2 మిల్లీమీటర్లే, సర్వో రాడ్‌కి బ్రహ్మాండం, కాలికి ఆగదు. 3 మిల్లీమీటర్ల పియానో వైరు తీసుకోండి, మధ్యలో ఒక చుట్టు తిప్పితే స్ప్రింగ్‌లా పని చేస్తుంది. దాన్ని బాడీకి మరీ గట్టిగా బిగించొద్దు, ప్లాస్టిక్ మౌంట్‌కి నైలాన్ స్క్రూలు పెట్టండి. గట్టిగా తగిలితే స్క్రూ తెగుతుంది, ఫైర్‌వాల్ (ముక్కులో మోటార్ బిగించే పలక) ఊడి రాదు. స్క్రూలు నాలుగు ఎక్స్‌ట్రా జేబులో వేసుకుని వెళ్ళండి. అతికించేటప్పుడు ఫోమ్ మీద మామూలు ఫెవిక్విక్ చుక్క కూడా పడనివ్వకండి, థర్మాకోల్ రకం ఫోమ్ అయితే కరిగి గుంట పడుతుంది, ఎపాక్సీ వాడండి.